కంట్రోల్ మీద వేలు

ఓదెలు కంప్యూటర్ మాట్లాడుతుంటే కొత్తగా వచ్చినవాళ్ళు అది ఏ దేశపు భాష అని అడిగేవారు. రేకుల మీద శనగలు పోసినట్టు ఒకటే గడగడ. అది మన తెలుగే, మధ్యమధ్య ఇంగ్లీషు అంటే నమ్మేవారు కాదు. పుట్టుకతో చూపు లేని ఓదెలుకు తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఆ స్క్రీన్ రీడర్ ఇరవై రెండేళ్ళుగా తోడు. మొదట్లో అందరిలాగే నిదానంగా విన్నాడు. తర్వాత ఏటా కొంత వేగం పెంచుకుంటూ పోయాడు. ఇప్పుడు మనం ఒక్క మాట పలికేలోగా అతని యంత్రం ఒక వాక్యం ముగించేస్తుంది.

అది చాలదన్నట్టు అతనికి ఇంకో అలవాటు. ఎడమచేతి చిటికెన వేలు ఎప్పుడూ కంట్రోల్ మీట మీదే ఉంటుంది. ఆ మీట నొక్కితే స్క్రీన్ రీడర్ నోరు మూస్తుంది. మొదటి నాలుగు మాటలు చెవిన పడగానే మిగతాది ఏమిటో ఓదెలుకు తెలిసిపోతుంది, వేలు పడిపోతుంది, ఎంటర్ కొట్టి ముందుకు వెళ్ళిపోతాడు. చూపున్నవాళ్ళు మాత్రం తెర మీది ప్రతి అక్షరం చదువుతున్నారా, కంటితో దాటేసి పోవడం లేదా అని అతని వాదన. ఎవరూ కాదనలేదు. డేటాబేస్ పనిలో అతను పనిచేసే ల్యాబులో అతన్ని మించినవాళ్ళు లేరు మరి.

ఇంట్లో భార్య అండాళుకు మాత్రం ఆ వేలంటే గిట్టదు. "నేను మాట్లాడుతుంటె గూడ నీ ఏలు గట్లనే ఆడ్తది" అనేది. అబద్ధమేమీ కాదు. ఆమె "గ్యాసు పిలగాడు ఇయ్యాల" అని మొదలుపెట్టగానే "రేపొస్తడు తియ్" అని తేల్చేసేవాడు. ఆమె చెప్పబోయింది గ్యాసు సంగతి కాదు, ఆ గ్యాసు మోసుకొచ్చిన అతను మెట్ల మీద జారి పడ్డ సంగతి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో అండాళు మాటలు సగానికి సగం చివర లేకుండానే మిగిలిపోయాయి. ఆమె కుట్టుమిషను ముందుకు పోయి కూర్చునేది. సిరిసిల్ల నేత ఇంటి పిల్ల, బ్లౌజులు కుట్టి పేరు తెచ్చుకున్న మనిషి, ఆమెకు వేరే లోకం ఉండేది.

ఆ ల్యాబు నాచారంలో ఉంది. మూతపడ్డ మందుల కంపెనీ గోదామును బాగుచేసి పెట్టారు. అక్కడ జరిగే పని పేరు దర్పణం, దాన్ని నడిపే మనిషి డాక్టర్ ఫర్హానా. కళ్ళున్న మనిషి తాను చూసినదాన్ని గుర్తు తెచ్చుకుంటుంటే, తలకు పెట్టిన టోపీ ఆ జ్ఞాపకాన్ని చదువుతుంది. వెలుగెంత, నీడెంత, ఏ అంచు ఎక్కడ వంగింది, ఏది కదిలింది, అన్నీ లక్షల వరుసలుగా డేటాబేసులోకి వెళ్ళి కూర్చుంటాయి. వాటిని మళ్ళీ మాటలుగా మార్చి, ఓదెలు లాంటివాళ్ళకు స్క్రీన్ రీడర్ వినిపిస్తుంది. ఒకరు చూసింది ఇంకొకరు వినవచ్చు. ఓదెలు ఆ ల్యాబులో చేరిన రోజు ఆనందంతో అన్నం తినలేకపోయాడు.

ఆ ఆనందం వెనక ఉన్నది కృతిక. ఓదెలు, అండాళుల ఒక్కగానొక్క బిడ్డ. పదకొండేళ్ళకు డెంగీ జ్వరం వచ్చి వారం తిరగకుండా పోయింది. ఓదెలుకు తన బిడ్డ వేళ్ళతో తెలుసు. ఎడమ మోకాలి మీద గాటు తెలుసు, నెత్తికి పెట్టిన నూనె వాసన తెలుసు, అలిగినప్పుడు కింది పెదవి ఎంత ముందుకొచ్చేదో తెలుసు. "బాపూ, ఇప్పుడు నేనెట్లున్ననో చెప్పు" అని అది అతని చేతులు తీసి బుగ్గల మీద పెట్టుకునేది. అయినా చూసినవాళ్ళకు తెలిసిన ముఖం వేరే ఏదో ఉందని, అది తనకు దక్కలేదని అతని బాధ. బిడ్డ పోయాక ఆ బాధ పుండయింది. అండాళు ఎన్నిసార్లు చెప్పబోయినా మాటలు చాలక "నీ లెక్కనే ఉంటుండె" అని ఊరుకునేది. తానెట్లా ఉంటాడో అతనికి తెలిస్తే కదా.

అందుకే సిబ్బంది ఇళ్ళల్లోంచి ఎవరైనా జ్ఞాపకాలిచ్చే దాతలుగా వస్తారా అని ఫర్హానా అడిగిన సాయంత్రం ఓదెలు ఇంటికి పోయి భార్య చేతులు పట్టుకున్నాడు. ఆమె పెళ్ళినాటి సంగతి ఇవ్వవచ్చు, చూసొచ్చిన పాపికొండలు ఇవ్వవచ్చు. అతనికి అవేవీ వద్దు. బిడ్డ ముఖం కావాలి. అండాళు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తాను చూసింది మొగుడు కూడా చూస్తాడంటే అంతకన్నా ఏం కావాలనుకుంది.

టోపీ పెట్టి కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు ఆమె ఎంచుకున్న పొద్దు, కృతిక ఆరో తరగతికి పోయిన మొదటి రోజు. ముగ్గురూ కలిసే బడి దాకా నడిచారు. ఓదెలు భార్య మోచేయి పట్టుకుని గేటు బయట నిలబడ్డాడు. అతనికి ఆ పొద్దు అంతా చప్పుళ్ళే, ఇనప గేటు కిర్రుమనడం, పిల్లల గోల, గంట. అండాళు కళ్ళు మూసుకుని అదే పొద్దును ఏడు నిమిషాలు గుర్తు తెచ్చుకుంది. పక్కగదిలో ఓదెలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వరుసల లెక్క వింటున్నాడు, నలభై లక్షలు దాటాయి. చివర ఆ దృశ్యానికి తాళం పడింది. దాన్ని తెరిచే తాళంచెవి ఆ ఒక్క యంత్రంలోనే ఉంటుంది. బ్యాకప్పుల్లోకి పోదు. ఎవరైనా బ్యాకప్ ఎత్తుకుపోయినా పరాయి మనిషి జ్ఞాపకంలోకి తొంగి చూడకూడదని ఓదెలు స్వయంగా పట్టుబట్టి పెట్టించిన రూలు అది. దృశ్యాన్ని రికార్డు చేసుకోకూడదు, రాసుకోకూడదు అన్నది కూడా అతని రూలే. అప్పుడందరూ మెచ్చుకున్నారు.

మర్నాటి నుంచి ఓదెలు అందరికంటే గంట ముందు ల్యాబుకు చేరేవాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన బిడ్డను వినేవాడు.

"వెలుతురు ఎడమ నుంచి. పిల్ల నడుస్తోంది. నుదురు వెడల్పు. కుడి కనుబొమ్మ ఎడమదానికంటే కొద్దిగా పైన. ముక్కు కొస మీద చెమట. రెండు జడలు, కుడి జడ వదులు, రిబ్బను విప్పుకుపోతోంది. పై వరుసలో ఒక పన్ను పక్క పన్ను మీదికి ఎక్కింది. పిల్ల గేటు దగ్గరికి వచ్చింది. ఆగింది. వెనక్కి తిరిగింది."

అక్కడికి రాగానే ఓదెలు చిటికెన వేలు కంట్రోల్ మీద పడేది. ఆ పొద్దు బిడ్డ వెనక్కి తిరిగిందని యంత్రం చెప్పేదాకా అతనికి తెలియదు. అంత గోలలో అది నోరు తెరవకుండా తిరిగింది, అతను భార్య మోచేయి పట్టుకుని శూన్యంలోకి నవ్వుతూ నిలబడ్డాడు. తర్వాత ఏముంటుంది, లోపలికి వెళ్ళిపోతుంది. బిడ్డ వెళ్ళిపోవడం బతుకులో ఒకసారి విన్నది చాలదా. మీట నొక్కితే బిడ్డ గేటు దగ్గర తన వైపు తిరిగి అట్లాగే నిలబడి ఉంటుంది, ఎక్కడికీ పోదు. చివరి ముక్క ఎప్పుడైనా వినవచ్చు, దాని పుట్టినరోజు నాడు వింటానని తనకు తాను మాట ఇచ్చుకున్నాడు. ఆ పుట్టినరోజు వచ్చిన నాడు కూడా వేలు ఆగలేదు.

మూడు నెలలు అట్లా గడిచాయి. ఒక ఆదివారం అండాళు పాత ఆల్బం ముందేసుకుని కూర్చుంది. ఓదెలు పక్కనే పేపరు చదివించుకుంటున్నాడు. "ఈ పచ్చ గౌను నేను కుట్టిందే, గని ఈ పిల్లెవలో" అని ఆమె అంటుండగానే "మీ తమ్ముని బిడ్డయి ఉంటది" అన్నాడు అతను. ఆమె ఆల్బం మూసి బీరువాలో పెట్టేసింది. ఆమె చెప్పబోయిన మాట ఇంకో నెల రోజులు కడుపులోనే ఉండిపోయింది.

రెండోసారి చెప్పింది కృతిక సంవత్సరీకం నాడు. చుట్టాలు భోంచేసి వెళ్ళాక అతని ఎడమ చేయి పట్టుకుంది. చిటికెన వేలును తన గుప్పిట్లో బిగించి, కదలనివ్వకుండా, చివరిదాకా చెప్పింది.

"గోడ మీది పటం మన పిల్లదే అని నాకు ఎరుకే. దండ ఏసిన, దీపం పెట్టిన. గని ఆ మొఖం చూస్తె ఎవరి పిల్లో అనిపిస్తది. గౌను చూసి పోల్చుకుంటున్న ఓదెలూ. బట్ట చూసి బిడ్డను పోల్చుకుంటున్న. కండ్లు మూసుకుంటె జడలస్తయి, రిబ్బనస్తది, మొఖం ఉండాల్సిన కాడ ఏం ఉంటలేదు. నేను తల్లినేనా?"

మొగుణ్ణి పేరు పెట్టి పిలవని మనిషి ఆ రోజు పిలిచింది. ఓదెలు ఆమె గుప్పిట్లోంచి తన వేలు లాక్కోలేదు.

ఫర్హానాకు సంగతి చెప్పాడు. మిగతా దాతలను పిలిచి ఒక్కొక్కరినీ అడిగారు. అందరిదీ అదే కథ. మనం గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ జ్ఞాపకం కాస్త మెత్తబడి మళ్ళీ గట్టిపడుతుందట. మెత్తగా ఉన్న ఆ కాసేపే టోపీ దాన్ని చదివింది, చదివినంతసేపూ గట్టిపడనివ్వలేదు. నకలు తీస్తున్నామనుకున్నారు, తీసింది అసలునే. వాళ్ళు ఇచ్చింది ఒక్క పొద్దే అయినా ఆ పొద్దుతో ముడిపడ్డ ముఖమంతా ఊడిపోయింది. అండాళు దాన్ని తన నేతింటి తీరులో అర్థం చేసుకుంది. "పడుగులకెల్లి ఒక పోగు గుంజితె పక్క పోగులు నిలుస్తయా" అంది. ఆమె ఎవరినీ తిట్టలేదు, అదే ఓదెలుకు మరీ కష్టంగా ఉండింది. అడిగింది తాను. ఇచ్చింది ఆమె. రోజూ పొద్దున్నే విన్నది మళ్ళీ తానే. సంవత్సరీకం మర్నాటి నుంచి అతను దాన్ని తెరవలేదు.

అయితే దారి మూసుకుపోలేదు. తాళంచెవితో తెరిచిన అసలు వరుసలను అదే టోపీ ద్వారా తిరిగి పోస్తే జ్ఞాపకం వెనక్కి వస్తుందని రెండు నెలల్లో తేలింది. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తిన దృశ్యాన్ని ఇచ్చిన ఒక రిటైర్డు పోస్టుమాస్టరు వేరే యంత్రం మీద దాన్ని తిరిగి పొంది, నీళ్ళు నీళ్ళు అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చిక్కు ఒక్కటే. ఆయన యంత్రంలో మొదటి నుంచీ కొత్త డేటాబేస్ సాఫ్ట్‌వేరే ఉంది. అండాళు దృశ్యం ఒక్కటే ఉన్న యంత్రంలోది పాతది, మనిషి గుర్తు తెచ్చుకునేంత వేగంగా వరుసలను పోసే శక్తి దానికి లేదు. దాని మీద కొత్త వెర్షను ఇన్‌స్టాల్ చేయాలి. తిరిగి పోసేటప్పుడు వరుసలు డేటాబేసులోంచి ఖాళీ అవుతాయి, అంటే ఓదెలుకు ఇక వినడానికి ఏమీ మిగలదు. ఆ మాట ఫర్హానా ఎంతో మెల్లగా చెప్పబోతే ఓదెలు మధ్యలోనే అందుకుని, తనకు అక్కర్లేదన్నాడు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చూపున్నవాళ్ళు ఒకరు పక్కన ఉంటే మంచిదని ఫర్హానా అంది. ఓదెలు ఒప్పుకోలేదు. అందులో పౌరుషం కొంత ఉంది, దాచడమెందుకు. ఇరవై రెండేళ్ళుగా ఎవరూ పక్కన లేకుండానే వందల యంత్రాల్లో పని చేశాడు. అయితే అసలు కారణం వేరు. తన బిడ్డ ముఖం ఉన్న వరుసల మీద ఇంకొకరి చూపు పడటం అతనికి ఇష్టం లేదు.

కొత్త వెర్షనును ఎక్కించే ఇన్‌స్టాలర్‌ను ల్యాబులోని కుర్రాళ్ళే తయారు చేశారు. బొమ్మలతో ముచ్చటగా ఉంటుందట. స్క్రీన్ రీడర్‌కు బొమ్మలు అర్థం కావు. ఒక పేజీలో మూడు బటన్లుంటే, వాటికి పేర్లు పెట్టడం ఎవరికీ తోచక, అది "బటన్, బటన్, బటన్" అని ఊరుకుంటుంది. వాటిలో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, ఇంకొకటి రద్దు. ఓదెలు ఒక ఖాళీ యంత్రం మీద ఏడుసార్లు సాధన చేశాడు. ఏ పేజీలో ట్యాబ్ ఎన్నిసార్లు కొడితే ఏ బటన్ మీదికి వస్తాడో కంఠస్థం చేశాడు. పాస్‌వర్డ్ గడిలో అక్షరాలకు బదులు "స్టార్, స్టార్" అనే వినిపిస్తుంది కాబట్టి వేళ్ళనే నమ్ముకున్నాడు. అతని భయమంతా ఆ పేర్లులేని బటన్ల మీదే. నాలుగో పేజీలో వచ్చే హెచ్చరిక మీద భయమేమీ లేదు. అది పాత ఇన్‌స్టాలేషన్ కనిపించింది, దాని సర్వీసులు ఆపబడతాయి, కొనసాగించాలా అంటుంది. మొదటి రెండుసార్లూ అంతే అంది. మూడోసారి నుంచి ఓదెలు దాన్ని మొదటి మాటకే ఆపేస్తూ వచ్చాడు.

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు ముహూర్తం. అండాళు తలస్నానం చేసి, పచ్చ గౌను కుట్టగా మిగిలిన బట్టతో కుట్టుకున్న జాకెట్టు వేసుకుని వచ్చింది. పక్కగదిలో కుర్చీలో కూర్చుని టోపీ పెట్టించుకుంది. ఆల్బం ఒళ్ళో పెట్టుకుంది, మూత తెరవలేదు. ముఖం తిరిగి రాగానే మొట్టమొదట పచ్చ గౌను ఫోటో చూడాలని ఆమె కోరిక. పనయిపోగానే పిలువమని రెండుసార్లు చెప్పింది. ఆ రెండుసార్లూ ఓదెలు ఆమెను పూర్తిగా చెప్పనిచ్చాడు, అంత సంతోషంగా ఉన్నాడు ఆ రోజు.

బ్యాకప్ తీశాడు. తీసింది సరిగ్గా ఉందా అని ఇంకో యంత్రంలో పెట్టి వరుసలన్నీ లెక్క చూశాడు. ఒక్కటి కూడా తగ్గలేదు. ఇన్‌స్టాలర్ నడిపించాడు. లైసెన్సు పేజీ, నాలుగు ట్యాబులు, మూడో బటన్. ఫోల్డరు పేజీ, రెండు ట్యాబులు. సర్వీసు పేరు. పాస్‌వర్డ్, స్టార్, స్టార్, స్టార్. ఎక్కడా తడబడలేదు. నాలుగో పేజీలో యంత్రం "హెచ్చరిక. పాత ఇన్‌స్టాలేషన్" అనగానే ఎడమ చిటికెన వేలు తన పని తాను చేసింది, కుడిచేయి ఎంటర్ కొట్టింది. ఆ తర్వాత పని ఎంతవరకు వచ్చిందో చెప్పే కూతలు మొదలయ్యాయి. పని ముందుకు సాగేకొద్దీ ఆ కూత సన్నబడుతూ పైకి పోతుంది. ఓదెలుకు ఆ చప్పుడు ఎప్పుడూ ఇష్టమే. ఆ రోజైతే దానితో పాటు తానూ పెదవుల మధ్య ఈల వేశాడు.

ఇన్‌స్టాలేషన్ విజయవంతంగా పూర్తయిందని యంత్రం అంది. ఓదెలు అండాళు దృశ్యాన్ని తెరవబోయాడు. తాళంచెవి దొరకలేదు అంది.

మళ్ళీ తెరిచాడు. మళ్ళీ అదే. మూడోసారి వేలు కంట్రోల్ మీదికి పోకుండా వెనక్కి లాక్కున్నాడు. ఇన్‌స్టాలర్ ఏమేం చేసిందో రాసుకునే ఫైలు తెరిచి, స్క్రీన్ రీడర్ వేగాన్ని తగ్గిస్తూ తగ్గిస్తూ, ఇరవై రెండేళ్ళ కింద తాను మొదటిసారి విన్న వేగానికి తెచ్చాడు. ఆ గొంతు ముసలిదాని గొంతులా సాగింది. అప్పుడు విన్నాడు.

"హెచ్చరిక. పాత ఇన్‌స్టాలేషన్ కనిపించింది. దాని సర్వీసులు ఆపబడతాయి. ఈ యంత్రంలో దాతల తాళంచెవులు ఉన్నాయి. అవి కూడా తుడిచివేయబడతాయి. ముందుగా వాటిని వేరే చోట భద్రపరచకపోతే ఆ దృశ్యాలను ఇక ఎవరూ తెరవలేరు. కొనసాగించాలా?"

సాధన చేసిన ఖాళీ యంత్రంలో దాతలు లేరు. కాబట్టి హెచ్చరిక అక్కడ రెండు వాక్యాలతో ఆగేది, ఇక్కడ ఆగలేదు. అతని మామూలు వేగంలో ఆ మొత్తం వినడానికి నాలుగు సెకన్లు కూడా పట్టదు. నలభై లక్షల వరుసలు బ్యాకప్పులో చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటిని తెరిచే చెవి మాత్రం లోకంలో ఎక్కడా లేదు. తాళంచెవులు బ్యాకప్పులోకి పోకూడదని పట్టుబట్టింది ఎవరో అతనికి గుర్తు చేయాల్సిన పనిలేదు.

పక్కగదిలో నుంచి అండాళు "అయిపాయెనా?" అని అడిగింది.

ఓదెలు గోడ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాడు. ఆమె మోకాళ్ళ దగ్గర కింద కూర్చుని ఉన్నదంతా చెప్పాడు. తడబడకుండా, తన తప్పును ఇన్‌స్టాలర్ మీదికి నెట్టకుండా చెప్పాడు. అండాళు విన్నది. టోపీ తానే తీసుకుని, తడిసిన జుట్టు తుడుచుకుని, ఆల్బం సంచిలో పెట్టుకుంది. ఇంటికి పోదామంది. ఆటోలో ఆమె చేయి అతని చేతిలోనే ఉంది, తీసుకోలేదు. తీసుకున్నా బాగుండేదని అతనికి అనిపించింది.

మూడు వారాలు ఫర్హానా మనుషులు ఆ డిస్కును గాలించారు. తుడిచిన తాళంచెవులు మళ్ళీ ఎవరికీ దొరకకూడదని, తుడిచిన చోట పదిసార్లు అర్థంలేని అంకెలు రాసేలా ఏర్పాటు ఉంది. అంత గట్టి ఏర్పాటు చేసినవాడు పక్కనే కూర్చుని వాళ్ళ మాటలు వింటున్నాడు. ఇరవై రెండో రోజున ఫర్హానా వచ్చి ఓదెలు భుజం మీద చేయి వేసింది. "ఓదెలు గారూ, ఇక లేదు" అంది. ఇన్‌స్టాలర్ హెచ్చరికలో తాళంచెవుల మాటే ముందు వచ్చేలా మార్చారు. బటన్లన్నిటికీ పేర్లు పెట్టారు. వేరే యంత్రాల్లో దృశ్యాలున్న మిగిలిన దాతలందరికీ వాళ్ళవాళ్ళ జ్ఞాపకాలు తిరిగి అందాయి. ఓదెలు దగ్గరుండి అన్ని యంత్రాల్లోనూ కొత్త సాఫ్ట్‌వేరు వేశాడు, ఒక్కో హెచ్చరికను నిదానంగా చివరిదాకా విన్నాడు. ఎంతో జాగ్రత్తపరుడన్న పేరు కూడా వచ్చింది.

ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప మాట తక్కువైపోయింది. అండాళు గోడ మీది పటానికి రోజూ దీపం పెడుతూనే ఉంది. ఎవరి పిల్లకో పెడుతున్నట్టు పెడుతున్నానని ఒకసారి తనలో తాను గొణుక్కోవడం ఓదెలు విన్నాడు.

ఒక పొద్దున పదింటప్పుడు మిషను ఆగింది. దారం తెగిందేమో అనుకున్నాడు. ఆమె ముక్కాలిపీట లాక్కుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"నువ్వు దినాం పొద్దుగాల్నే ఇన్నవు గద. నాలుగు నెలలు ఇన్నవు. నీకు నోటికొచ్చి ఉంటది. చెప్పు."

రాసుకోకూడదు అన్నది అతని రూలే, గుర్తుండకూడదని రూలు ఏదీ లేదు. అయినా రంగంటే ఏమిటో తెలియని మనిషి, వెలుతురంటే చర్మం మీది వెచ్చదనం తప్ప వేరే తెలియని మనిషి, కన్నతల్లికి బిడ్డ ముఖం చెప్పాలి. మొదలుపెట్టాడు. యంత్రం చెప్పిన వరుసలోనే, దాని మాటల్లోనే చెప్పాడు, తన మాట ఒక్కటి కలిపినా ముఖం చెడిపోతుందేమోనని భయపడ్డాడు. వెలుతురు ఎడమ నుంచి. నుదురు వెడల్పు. కుడి కనుబొమ్మ కొద్దిగా పైన. కనురెప్పలు పొడుగు, కొసలు పైకి. బుగ్గల రంగు చామన, చెవుల దగ్గర కాస్త ముదురు. గడ్డం కింద పౌడరు అంటిన మరక. ముక్కు కొసన చెమట.

"ఆగు" అంది అండాళు. ఆమె కళ్ళు మూసుకుని ఉంటుందని అతను ఊహించాడు. "కనుబొమ్మ పైకుంటె ఎప్పుడు ఏదో అడుగుతున్నట్టే ఉంటది గద మొఖం."

ఉంటుందేమో అతనికి తెలియదు. ఉంటది అన్నాడు.

"చెప్పు."

పై వరుసలో పన్ను మీదికి పన్ను. కుడి జడ వదులు, రిబ్బను విప్పుకుపోతోంది. అండాళు చేతులు ఒళ్ళో కదిలాయి, బట్ట రాసుకున్న చప్పుడు వినిపించింది. ఆ పొద్దు జడ తానే తొందరలో వదులుగా వేసిందని, పిల్ల మళ్ళీ వెయ్యమన్నా బడి టైమయిందని తాను వినలేదని, ఆమె గొణుక్కుంది. అతను ఆమెను చెప్పనిచ్చి, అయ్యాక మళ్ళీ అందుకున్నాడు. పిల్ల నడుస్తోంది. సంచి బరువుకు ఎడమ భుజం వంగింది. గేటు దగ్గరికి వచ్చింది. ఆగింది. వెనక్కి తిరిగింది.

ఓదెలు ఆగిపోయాడు.

"తిరిగి?" అంది అండాళు.

మిషను మీద బట్ట జారి కింద పడింది, ఇద్దరూ తీయలేదు.

"తిరిగి ఏం చేసింది? మన దిక్కు చూసిందా? నవ్విందా?"

"నాకు తెల్వదు."

"నాలుగు నెలలు ఇన్నవు గద."

"ఆడ్నే ఆపేటోణ్ణి, అండాళూ. దినాం ఆడ్నే. లోపలికి పోతదని, పోయింది ఇనబుద్ధి గాక. రేపు ఇందమనుకున్న. ఒక్కసారి గూడ ఇనలే."

తిడుతుందనుకున్నాడు. తిట్టాలని మనసారా కోరుకున్నాడు. ఆమె తిట్టలేదు. అతనికి ఇరవై ఆరేళ్ళుగా తాను మధ్యలో తెంచిన ఆమె మాటలన్నీ ఎక్కడో పోగుపడి ఉన్నట్టు తోచింది, వాటిలో ఒక్కటైనా ఇప్పుడు వినిపిస్తే చాలుననిపించింది. చివరికి అండాళు ముక్కు చీదుకుని, గొంతు సవరించుకుంది.

"తిరిగి, నిన్నే చూసి ఉంటది" అంది. "నువ్వు దాన్ని చూడలేవని దానికి ఎరుకే గద. అందుకే నోరు తెరిచి పిలువకుండ, ఊకె చూసుకుంట నిలబడి ఉంటది. నువ్వు నవ్వుతుంటివి. నువ్వు ఎటో దిక్కుకు నవ్వుతుంటె, ఆ దిక్కుకు రెండడుగులు జరిగి నిలబడి ఉంటది, నీ నవ్వు దాని మీద పడాలని. జడ రిబ్బను పూర్తిగ ఊడి ఉంటది అప్పటికి. చెయ్యి ఊపి ఉంటది. నేను ఊపిన్నో లేదో. గంట కొడుతుంటె..."

ఆమె చెబుతూ పోయింది. అది మిగిలిన జ్ఞాపకమో, అప్పటికప్పుడు కుట్టుకుంటున్నదో ఆమెకే తెలియదు, అతనికి అసలే తెలియదు. బల్ల అంచు మీద ఓదెలు ఎడమ చిటికెన వేలు ఒకసారి కదిలింది. దాన్ని కుడిచేత్తో గట్టిగా పట్టుకుని, ఆమె చెప్పడం ఆపేదాకా కూర్చుని విన్నాడు.